పైపులతో ఇంటికి పంపుతున్నారు, చేతులు కడగడం చూపించి పంపడం లేదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంటి వద్దనే వైద్యసేవలు అందించే సంస్థల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మంచాన పడినవారిని నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచడం కుటుంబానికి తలకు మించిన భారమనీ, సొంత ఇంట్లో అయినవాళ్ల మధ్య ఉంటే రోగి మనసు కుదుటపడుతుందనీ వ్యాసకర్త రాసినదానితో నాకు పేచీ లేదు. ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్ల బెడద ఇంట్లో ఉండదన్న ఒక్క వాక్యం దగ్గరే నా అభ్యంతరం. ప్రభుత్వ ఆసుపత్రులలో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న తరువాత, మా వీధిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పిలిచిన ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి వస్తున్నాను. ఆ ఇళ్లలో చూసినదాన్ని బట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసకర్త మాటలో సగం నిజం లేకపోలేదు. మందులకు లొంగని మొండి సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆసుపత్రి వార్డులలోనే. పక్క మంచం మీది రోగి నుంచి మన రోగికి వాటిని మోసుకొచ్చే చేతులు ఇంట్లో తక్కువ. ఇంట్లో ఉండే సూక్ష్మజీవులు మన ఒంటికి అలవాటైనవే. అయితే చర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే ఆ అలవాటు మనల్ని కాపాడుతుంది. మూత్రాశయంలోకి ఒక పైపు, ముక్కులోంచి కడుపులోకి ఒక పైపు, గొంతు దగ్గర శ్వాసకోసం పెట్టిన రంధ్రం, చేతి నరంలో క్యానులా (మందు ఎక్కించే సన్నని గొట్టం), నడుము కింద పడకపుండు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా శరీరానికి ఒక తలుపు తెరిచి పెట్టినట్టే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటివారు వార్డు దాటి వెళ్లేవారు కాదు. ఇప్పుడు పక్షవాతం వచ్చిన పది పదిహేను రోజులకే, తుంటి ఎముక ఆపరేషన్ అయిన వారానికే, ఈ పైపులన్నిటితో కలిపి ఇంటికి పంపుతున్నారు. పైపు ఇంటికి వస్తోంది కానీ, దానితో పాటు వార్డులో ఉండే వాష్‌బేసిన్, పసుపు, ఎరుపు చెత్తడబ్బాలు, పొరపాటు చేస్తే గదమాయించే సిస్టరు ఇంటికి రావడం లేదు.

డిశ్చార్జి రోజున జరిగే తంతు మీ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. బిల్లు కట్టడానికి, బీమా కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కొడుకో అల్లుడో కౌంటరు దగ్గర ఉంటాడు. మందులు ఎప్పుడెప్పుడు వేయాలో నర్సు ఆయనకే చెబుతుంది. ఇంగ్లీషులో అచ్చయిన కాగితాలు ఆయన చేతికే ఇస్తారు. ఇంటికి వెళ్లాక పైపు పట్టుకునేదీ, పక్కబట్టలు మార్చేదీ ఆయన కాదు. ఆ పని చేసేది కోడలు, లేకపోతే డెబ్బై ఏళ్ల భార్య, అదీ కాకపోతే ఏజెన్సీ ద్వారా మర్నాడు వచ్చే మనిషి. చెప్పినది విన్న మనిషి ఒకరు, చేయవలసిన మనిషి మరొకరు. ఇళ్లలో నేను చూసిన ఇన్ఫెక్షన్లలో అధికభాగం ఈ ఎడంలోనే పుట్టాయి. అజ్ఞానం, నిర్లక్ష్యం అని మనం తేలికగా అనేస్తాం కానీ, చూపించనిది ఎవరికి తెలుస్తుంది?

మూత్రపు పైపు సంగతే తీసుకోండి. నిరుడు వేసవిలో మా పక్క వీధిలోని ఒక పెద్దాయన పట్నంలోని ఒక ఆసుపత్రి నుంచి పైపుతో ఇంటికి వచ్చారు. పన్నెండో రోజున చలితో వణికిపోతూ జ్వరం వస్తే నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే, పైపు ఆయన కాలిని లాగుతోందని ఇంటివాళ్లు ఎంతో శ్రద్ధగా మూత్రం చేరే బ్యాగును మంచం మీద, ఆయన పక్కనే దిండు మీద పెట్టారు. బ్యాగు మూత్రాశయం కన్నా కిందుగా వేలాడకపోతే అందులోది తిరిగి లోపలికి పారుతుందని వారికి ఎవరూ చెప్పలేదు. నేల మురికిదన్న సంగతి తెలుసు గనక నేలకు తగలకుండా పైకి పెట్టారు, అంతే. మంచం పట్టెకు ఒక కొక్కెం కట్టి, నేలకు జానెడు పైన వేలాడదీస్తే రెండు చిక్కులూ తీరేవి. బ్యాగు పూర్తిగా నిండేదాకా ఆగి, పైపు దగ్గర ఊడదీసి, బాత్‌రూములో గుమ్మరించి, కడిగి, మళ్లీ తగిలిస్తున్నారు. ఊడదీసిన ప్రతిసారీ ఆ కీలు దగ్గర బయటి సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. బ్యాగు అడుగున ఉండే చిన్న కుళాయి పెట్టింది అందుకే. మూడింట రెండు వంతులు నిండగానే ఆ కుళాయి తిప్పి, ఆ రోగికి మాత్రమే వాడే మగ్గులోకి వంపి, కుళాయి కొస మగ్గుకు తగలకుండా చూసి మూసేయాలి. ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేతులు కడుక్కోవాలి. పైపు బయటికి వచ్చే చోట రోజూ స్నానం చేయించేటప్పుడు సబ్బు, నీళ్లతో శుభ్రం చేస్తే చాలు. డెటాల్ పోయడం, పసుపు రాయడం, స్పిరిటుతో తుడవడం మేలు చేయకపోగా అక్కడి సున్నితమైన చర్మాన్ని కాలుస్తాయి.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. పైపు ఉన్న ప్రతి రోజూ నూటికి ముగ్గురు నుంచి ఏడుగురి దాకా మూత్రంలోకి కొత్తగా సూక్ష్మజీవులు చేరతాయనీ, నెల తిరిగేసరికి దాదాపు అందరిలోనూ ఉంటాయనీ వైద్యులకు చిరకాలంగా తెలుసు. అంటే ఎంత జాగ్రత్తగా ఉన్నా, నెల దాటిన పైపులో మూత్రం కలకగా కనిపించడం, పరీక్షలో సూక్ష్మజీవులు బయటపడడం వింత కాదు. జ్వరం, వణుకు, పొత్తికడుపులో నొప్పి, ఉన్నట్టుండి మగతలోకి జారడం వంటివి లేకుండా, కేవలం రంగు చూసి యాంటీబయాటిక్ వేయడం వల్ల ఆ మందుకు లొంగని రకం మిగిలి, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకుండా పోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చి వేసే కుటుంబాలను నేను నెలకు ఒకటి రెండైనా చూస్తున్నాను. అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న, "ఈ పైపు ఇంకా అవసరమా?" అన్నది. డాక్టరుగారిని ఈ మాట అడగడానికి మనవాళ్లు జంకుతారు. ఆ జంకు వదిలి అడిగినందుకు పైపు తీసేసిన ఇళ్లు కూడా నాకు తెలుసు.

ఇతరుల తప్పులు ఎంచుతున్నానని అనుకోకండి. నా పదవీ విరమణకు ముందు మా అత్తగారు ఎనిమిది నెలలు మంచంలో ఉన్నారు. వార్డులో ఒక రోగికీ మరో రోగికీ మధ్య చేతులు కడగని ట్రైనీ నర్సులను నిలబెట్టి చివాట్లు పెట్టిన నేనే, ఇంట్లో ఆవిడ పక్కబట్ట మార్చి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, కుక్కరు కూత విని వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. ఒకనాడు నా కొంగును నేనే చూసుకుని సిగ్గుపడ్డాను. తెలియక చేసింది కాదది. వార్డులో మంచానికి నాలుగడుగుల దూరంలో బేసిన్ ఉంటుంది. మా ఇంట్లో కుళాయి పెరట్లో ఉంది, మధ్యలో రెండు గడపలు. ఆ మర్నాడు మా ఆయన మంచం పక్కనే ఒక బకెట్టు, మూత ఉన్న బిందెలో నీళ్లు, చెంబు, నీళ్లు నిలవకుండా చిల్లులున్న సబ్బుపెట్టె, రోజూ ఉతికే రెండు తువ్వాళ్లు ఒక పాత స్టూలు మీద అమర్చిపెట్టారు. అత్తగారి పడకపుండు మానడానికి మందుల కన్నా ఆ స్టూలే ఎక్కువ పనిచేసిందని ఇప్పటికీ నా నమ్మకం. సబ్బుతో అయితే తడపడం నుంచి తుడుచుకోవడం దాకా 40 నుంచి 60 సెకన్లు, శానిటైజరుతో అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చేతికి మలమో, పుండులోని చీమో, నెత్తురో అంటి కనిపిస్తున్నప్పుడు శానిటైజరు చాలదు, సబ్బే కావాలి. గాజులు, ఉంగరాలు తీసి పని చేయాలంటే మన ఆడవాళ్లకు మనసొప్పదు, అందులోనూ మంచాన ఉన్నది భర్త అయితే మరీను. కనీసం గాజులను మోచేతి వైపు పైకి నెట్టి, వాటి కింద కూడా రుద్ది కడగమని నేను చెబుతుంటాను.

చేతి తొడుగులు వేసుకుంటే ఈ కడుగుడు తప్పుతుందన్న భ్రమ కరోనా తరువాత బాగా పెరిగింది. పొద్దున వేసుకున్న గ్లౌజులతోనే పక్కబట్ట తీసి, అవే చేతులతో ముక్కు పైపులో జావ పోసి, ఫోన్ ఎత్తి, తలుపు గడియ తీసే కేర్‌టేకర్లను చూశాను. ఆ గ్లౌజులు ఆమె చేతులను మాత్రం శుభ్రంగా ఉంచుతాయి. రోగికి వాటివల్ల ఒరిగేది లేదు. ఒక పనికి ఒక జత, తీసిన వెంటనే చేతులు కడగడం, ఇంతే సూత్రం. ఆ పిల్లలను నిందించి ప్రయోజనం లేదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీకి ఊళ్ల నుంచి తెచ్చిన ఆ అమ్మాయిలకు చాలా ఏజెన్సీలు ఒక్కరోజు శిక్షణ కూడా ఇవ్వడం లేదు. 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కరోనా యోధుల కోసం పెట్టిన స్వల్పకాలిక శిక్షణలలో ఇంటి వద్ద సంరక్షణ కూడా ఒక కోర్సు. అలాంటి ధ్రువపత్రం ఉన్న మనిషి ఒక్కరైనా నేను వెళ్లే ఇళ్లలో ఇంతవరకు తారసపడలేదు. ఆ అమ్మాయికి హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడిగితే ఏజెన్సీవాళ్లు నన్ను వింతగా చూస్తారు. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది, ఈ మూడు సూదులతో ఒక మనిషి కాలేయాన్ని కాపాడవచ్చు. ఇన్ఫెక్షన్ రోగికే వస్తుందనీ, సేవ చేసేవారికి రాదనీ అనుకోవడం ఈ రంగంలో మనం చేస్తున్న పెద్ద అన్యాయం. గజ్జి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటిసారి సోకినవారికి దురద మొదలు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆలోగా ఆ అమ్మాయి రెండు ఇళ్లు మారి ఉంటుంది. ఇంట్లో అందరూ ఒకే రోజున మందు రాసుకుని, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికితేనే అది వదులుతుంది. ఆమెను పని మాన్పించి పంపేస్తే మరో ఇంటికి వెళుతుంది.

ఇక సూదుల విషయం. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల కోర్సు ముగియకుండానే, చేతికి క్యానులా ఉంచి, "మిగిలినవి మీ ఊళ్లో వేయించుకోండి" అని పంపడం మామూలైపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సైకిలు మీదనో బండి మీదనో వచ్చి వేసి వెళతాడు. ఆయన లేకపోతే పల్లెలో రాత్రివేళ దిక్కు లేదన్నది నిజమే గనక ఆయనను తిట్టను. కానీ క్యానులా ఉన్నచోట ఎర్రబడి, తాడులా గట్టిపడి, తాకితే నొప్పిగా ఉంటే ఇంకో డోసు దాని గుండా ఎక్కించకుండా వెంటనే తీసేయించాలని ఇంటివాళ్లకు తెలిసి ఉండాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకోవడం నర్సులలోనే ఎక్కువగా జరిగే ప్రమాదం. ఇంట్లో మరీ ఎక్కువ. రోగికి హెపటైటిస్ బి ఉండి, గుచ్చుకున్నవారికి టీకా లేకపోతే సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవి విషయంలో అది వెయ్యికి 3 మాత్రమే, పైగా 72 గంటలలోపు మందు మొదలుపెడితే ఆపవచ్చు. గుచ్చుకుంటే సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు.

ఆ సూది తరువాత ఎక్కడికి వెళుతుంది? ఇన్సులిన్ వాడే ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. రోజుకు రెండు సూదులంటే ఏడాదికి 730. ఆసుపత్రిలో అయితే గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతాయి. అదే ఏడాది వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు ఇళ్లలో వాడిన సూదులను, సిరంజిలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించి, వాటిని విడిగా సేకరించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. మా పట్టణంలో వచ్చే చెత్త బండికి తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి అరలు ఉన్నాయి, సూదులకు లేదు. దళసరి ప్లాస్టిక్‌తో చేసిన ఫినాయిల్ సీసాలోనో షాంపూ సీసాలోనో వేసి, ముప్పాతిక నిండగానే మూత బిగించి టేపు చుట్టమని నేను చెబుతున్నాను. కానీ ఆ సీసా ఎవరికి ఇవ్వాలని వాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు. పొడి చెత్తను చేత్తో ఏరే పారిశుద్ధ్య కార్మికురాలి వేలే ఆ జవాబు.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి పెద్దగా రాయను. వారిని ఆపడం ఎవరి తరమూ కాదు. మంచం మీద కూర్చోవద్దనీ, దగ్గు, జలుబు ఉంటే గుమ్మం దగ్గర నుంచే పలకరించి వెళ్లమనీ చెప్పడానికి ఇంట్లో ఒక పెద్దదిక్కు మొహమాటం విడవాలి, అంతే. నేలకు బ్లీచింగ్ నీళ్లు వాడేవారు మాత్రం అందులో బాత్‌రూము యాసిడ్ కలపకూడదు. వచ్చే క్లోరిన్ వాయువు మంచంలో ఉన్నవారి ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ కన్నా ముందు హాని చేస్తుంది.

ఇదంతా చదువుకోని పల్లెల్లో సాధ్యమా అని కొందరు అడుగుతారు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల సంస్థ 'సెర్చ్' గ్రామాల మహిళలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, పసికందుల సంరక్షణ చేయించింది. చేతులు కడగడం, బొడ్డు శుభ్రంగా ఉంచడం, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తుపట్టడం వారికి నేర్పారు, అవసరమైతే ఇంజెక్షన్ ఇవ్వడం కూడా. మూడో ఏడాదికి అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వారు ప్రచురించారు. ఆ అనుభవమే పునాదిగా 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు వెళుతున్నారు. బిడ్డను ఎత్తుకునే ముందు ఆశా చేతులు కడిగి, తల్లికి కడిగి చూపిస్తుంది. నలభై రెండు రోజుల పసిబిడ్డకు మనం చేయగలిగింది, ఎనభై రెండేళ్ల ముసలితల్లికి ఎందుకు చేయలేకపోతున్నామన్నదే నా ప్రశ్న. పైపుతో ఇంటికి చేరిన ఆ తల్లి దగ్గరకు మొదటి వారంలో చేయి కడిగి చూపించేవారు ఒక్కరూ రావడం లేదు.

ఆమె ఎక్కడ ఉందో ప్రభుత్వానికి తెలియదని కూడా అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి ఆ డబ్బు పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నారు. పేరు, చిరునామా, జబ్బు అన్నీ జాబితాలో ఉన్నాయి. అదే సచివాలయంలో నర్సు శిక్షణ పొందిన ఏఎన్‌ఎం కూడా ఉన్నారు. డబ్బు వెళ్లే గడపకు, నెలకొకసారైనా, పైపు, పుండు, సూది చూసే కళ్లు కూడా వెళ్లేలా చేయడానికి కొత్త పథకం అక్కరలేదు. తెలంగాణలో నయంకాని జబ్బులున్నవారికి ఉపశమన సేవలు అందించే జిల్లా పాలియేటివ్ కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాలలో నర్సులు ఇళ్లకు వెళుతున్నారు. క్యాన్సర్ రోగులతో పాటు పైపులున్న ప్రతి రోగినీ వారి జాబితాలో చేర్చడం గురించి ఆలోచించవచ్చు. ఏఎన్‌ఎంల మీద ఇప్పటికే ఎంత బరువు ఉందో నాకు తెలుసు గనక, ఈ పనికి యాప్‌లో మరో పది గళ్లు చేర్చవద్దని కూడా ఇక్కడే వేడుకుంటున్నాను.

ఆసుపత్రులను, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, నేను కోరేది ఇంకా చిన్నది. పైపుతో రోగిని పంపే ముందు, ఇంట్లో ఆ పని నిజంగా చేయబోయే మనిషిని పిలిపించండి. ఆమె బ్యాగు ఖాళీ చేయడం, చేయి కడగడం, కట్టు విప్పడం నర్సు కళ్లెదుట ఒకసారి తన చేత్తో చేసి చూపించిన తరువాతే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టండి. పది నిమిషాల పని. అక్షరాలు పెద్దవిగా, బొమ్మలతో, తెలుగులో ఒక్క పుట ఇచ్చి పంపండి. పైపు ఏ తేదీన వేశారో, ఏ తేదీకి మార్చాలో ఆ పుట మీద చేత్తో రాయండి. రబ్బరు పైపుకూ సిలికాన్ పైపుకూ గడువు వేరు గనక ఇంటివాళ్లు ఊహించలేరు. ఆ పుటలో అన్నిటికన్నా పైన, చలిజ్వరం వస్తే రాత్రి రెండు గంటలకైనా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
తెనాలి.